300 పిక్సెళ్లు ఎవరి కొలత?

పోయిన సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మా పిన్ని ఫోన్ చేసింది. "ఒరే, మన ఊరి గురించి వికీపీడియాలో రాశానన్నావు కదా, చూశాను. అంతా బాగానే ఉంది గానీ ఆ మ్యాపులో మన ఊరెక్కడరా? చీమలు పాకినట్టుంది." ఏళ్ల తరబడి వికీలో రాస్తున్నానన్న ధీమాతో నేను వెంటనే, "బొమ్మ మీద నొక్కు పిన్నీ, పెద్దదవుతుంది" అన్నాను. "నొక్కితే పెద్దదవుతుందని దాని మీద రాసుందా?" అంది.

రాసి లేదు.

ఫోన్ పెట్టేశాక నా ఫోన్లోనే ఆ పేజీ తెరిచాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, నేను రాసిన పేజీల్ని నేనెప్పుడూ ఫోన్లో చదవలేదు. రాసేది లాప్‌టాప్‌లో, మునుజూపు (ప్రివ్యూ) చూసుకునేది లాప్‌టాప్‌లో, ప్రచురించేదీ అందులోనే. పిన్ని చెప్పింది నిజం. ఉమ్మడి గుంటూరు జిల్లా మ్యాపు, యాభైకి పైగా మండలాలు, ఒక్కోదానికీ ఒక పేరు, ఇవన్నీ కలిపి నేనిచ్చిన వెడల్పు 300 పిక్సెళ్లు. ఆ 300 ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నా స్క్రీన్ మీద కంటికి ఇంపుగా కనిపించింది, అంతే.

అప్పటినుంచీ ఈ విషయం మీద వికీ మిత్రులతో వాదిస్తూనే ఉన్నాను, కొందరు విసుక్కుంటున్నారు కూడా. నా వాదన చిన్నదే: వ్యాసంలో బొమ్మ పక్కన పిక్సెళ్ల లెక్క రాయడం మానేద్దాం. మిగతా వచనంలో ఎక్కడా మనం "ఈ అక్షరం ఇంత లావుండాలి" అని రాయం కదా, బొమ్మ దగ్గరికొచ్చేసరికే టేపు పట్టుకుని కూర్చుంటాం.

ముందు ఈ పిక్సెల్ అనే మాట సంగతి. పెట్టె మీద 1080 చుక్కల వెడల్పు అని రాసి అమ్మే ఫోన్లున్నాయి కదా, వాటిలో బ్రౌజరు చాలాసార్లు తన వెడల్పు 360 అనే లెక్కేసుకుంటుంది. అంటే బ్రౌజరు దృష్టిలో ఒక పిక్సెల్ అంటే తెర మీద అడ్డంగా మూడు, నిలువుగా మూడు, మొత్తం తొమ్మిది చుక్కలు. కాబట్టి నేను 300 అని రాస్తే ఆ ఫోన్లో తెర వెడల్పులో ఆరింట ఐదొంతులు అది ఆక్రమిస్తుంది. వినడానికి చాలా పెద్దగా అనిపిస్తుంది. స్కేలు పెట్టి కొలిస్తే రెండంగుళాల చిల్లర. అదే 300 నా లాప్‌టాప్ మీద దాదాపు మూడంగుళాలు, అదీ తెరలో ఒక మూల. ఆఫీసులో ఒకాయన బల్ల మీద ఉండే పెద్ద మానిటర్‌లో అయితే తపాలా బిళ్ల. ఒకే అంకె, మూడు చోట్ల మూడు అర్థాలు. ఇక అది కొలత ఎలా అవుతుంది?

వికీపీడియాని నడిపించే సాఫ్ట్‌వేరు మీడియావికీలో దీనికి మందు చాలాకాలంగా ఉంది. దస్త్రం (ఫైలు) పేరు తరవాత థంబ్ అని రాసి ఊరుకుంటే నఖచిత్రం, అంటే పేజీలో కనిపించే చిన్న బొమ్మ, మామూలు పరిమాణంలో వస్తుంది. దానికంటే పెద్దదో చిన్నదో కావాలంటే అప్‌రైట్ అని రాసి, సమానం గుర్తు పెట్టి, 1.3 అనో 0.8 అనో ఇస్తాం. మామూలు దానికి ఎన్ని రెట్లు అన్నమాట. అంకె ఇవ్వకుండా ఉత్తి అప్‌రైట్ అంటే మామూలు వెడల్పులో ముప్పాతిక వంతు. ఇది నిలువుగా ఉండే బొమ్మల్ని అదుపులో పెట్టడానికి పుట్టిన పేరు కాబట్టి, అడ్డ బొమ్మలకి వాడేటప్పుడు కొత్తవాళ్లు బెదిరిపోతారు. పేరు మీద నాకూ కోపమే. పద్ధతి మంచిది.

ఎందుకు మంచిదో ఒక పాత కథతో చెప్తాను. ఒకప్పుడు మామూలు నఖచిత్రం వెడల్పు 180 పిక్సెళ్లు. అప్పటి మానిటర్లకి అదే ఎక్కువ. నాలాంటి వాళ్లు "ఇది ముఖ్యమైన బొమ్మ, కాస్త పెద్దగా ఉండాలి" అనుకుని 200 అని రాసేవాళ్లు. 2010 ప్రాంతంలో మామూలు వెడల్పు 220 అయింది. ఆ క్షణాన మేం పెద్దవి చేసిన బొమ్మలన్నీ పక్క బొమ్మలకంటే చిన్నవైపోయాయి! ఎవరూ గమనించలేదు, నేనూ గమనించలేదు. 2025లో అది 250 అయింది. ఇప్పుడా ముఖ్యమైన బొమ్మ పేజీలో అన్నిటికంటే మరుగుజ్జు. అప్పుడే 1.1 రెట్లు అని రాసి ఉంటే ఈ పాటికి దానంతటదే 280 దాకా పెరిగేది, మేం వేలు కదపక్కర్లేకుండా. నా పాత దిద్దుబాట్లలో ఇలాంటి 200లు ఎన్నున్నాయో వెతకడం మొదలుపెట్టాను. వెతికిన ప్రతిసారీ పిన్ని గుర్తొస్తుంది.

దీనికి ఎదురువాదం ఒకటుంది, అది నిజంగా గట్టిది కాబట్టి దాటేయను. "అప్‌రైట్ వాడితే పాఠకుడు అభిరుచుల్లో (తన ఖాతా సెట్టింగుల్లో) తనకు కావలసిన నఖచిత్రం సైజు ఎంచుకోవచ్చు అంటారు, కానీ అభిరుచులు ఎవరికుంటాయి? లాగినైన వాడుకరికి. మా అత్తయ్య లాగినవుతుందా?" అని ఒక మిత్రుడు అడిగాడు. అవదు. చదివేవాళ్లలో ఖాతా ఉన్నవాళ్లు చాలా తక్కువమంది. అందుకే నేను అభిరుచుల వాదన వదిలేశాను. పిక్సెళ్లు రాయొద్దనడానికి అసలు కారణం పాఠకుడి ఇష్టం కాదు, రేపటి తెరలెలా ఉంటాయో మనకి తెలియకపోవడం. 180 అని నిర్ణయించిన రోజున ఫోన్లో విజ్ఞానసర్వస్వం చదువుతారని ఎవరనుకున్నారు? ఆ నిర్ణయం ఒకచోట ఉంటే ఒకచోట మార్చుకోవచ్చు. వేల పేజీల్లో వేల అంకెలుగా చెల్లాచెదురైతే దిద్దుబాట్లు చేసే ఏ బాటు ప్రోగ్రాము వచ్చి దిద్దుతుంది? దిద్దినా, ఫలానా 200 పెద్దది చేయడానికి రాసిందా, చిన్నది చేయడానికి రాసిందా అని బాటుకేం తెలుసు?

సరే, రెట్లలో రాయాలని ఒప్పుకున్నాం. ఎన్ని రెట్లు? ఇక్కడే చాలామంది బొమ్మ అందాన్ని చూసి నిర్ణయిస్తారు. నేనూ అంతే చేసేవాణ్ణి. ఇప్పుడు నాకు నేను వేసుకునే ప్రశ్న వేరు: ఈ బొమ్మలో చదువరి ఏం చూడాలి? ఒక రచయిత ముఖం చూడాలంటే మామూలు సైజు చాలు, ముఖం రెండు వందల పిక్సెళ్లలో కూడా పోల్చుకోవచ్చు. రామప్ప గుడి ఎలా ఉంటుందో తెలియాలంటే మామూలుదే. కానీ అదే గుడిలో స్తంభం మీది సన్నని చెక్కడం చూపించాలంటే, గుడి మొత్తం ఉన్న ఫోటోని రెండు రెట్లు చేసినా లాభం లేదు. స్తంభం ఫోటో విడిగా పెట్టాలి.

పెంచడం కంటే కత్తిరించడం మేలు అని ఇంకెవరూ ఎందుకు గట్టిగా చెప్పరో నాకర్థం కాదు. మనం తీసిన ఫోటోల్లో సగం ఆకాశం, ముందు రోడ్డు, రోడ్డు మీద ఆటో, మధ్యలో ఎక్కడో అగ్గిపెట్టెంత గుడి. ఆ ఆటోని కూడా 1.5 రెట్లు పెద్దది చేసి చూపిస్తున్నాం. వికీ బొమ్మల ఖజానా కామన్స్‌లో క్రాప్‌టూల్ అనే పరికరం ఉంది, బొమ్మని కత్తిరించి అసలు దస్త్రాన్ని ముట్టుకోకుండా కొత్త పేరుతో దాచుకోవచ్చు, రెండు నిమిషాల పని. గుడి వరకే ఉంచితే మామూలు 250లోనే గోపురం మీది బొమ్మలు కూడా కాస్త తెలుస్తాయి, ఫోన్లోనూ తెలుస్తాయి.

శాసనాలది ఇంకో బాధ. రేనాటి చోళుల కాలపు తెలుగు శాసనం మీద వ్యాసం ఉందనుకోండి, అక్కడ బొమ్మ ఉండేదే అక్షరాల కోసం. రాతి ఫోటోని నఖచిత్రంగా పెడితే పాఠకుడికి కనిపించేది ఒక బండ. ఇలాంటిచోట నేను మొహమాటపడను. రాయి మొత్తం ఒకటి మామూలు సైజులో, అక్షరాలు స్పష్టంగా ఉన్న రెండు వరుసల ముక్క ఒకటి 1.6, 1.7 రెట్లలో పెడతాను. ఒకే రాయికి రెండు బొమ్మలెందుకని అడిగేవాళ్లుంటే వాళ్లని ఫోన్లో చూడమంటాను.

మ్యాపుల దగ్గర కాలం కూడా మనల్ని మోసం చేస్తుంది. 2016 అక్టోబరు దాకా తెలంగాణకి 10 జిల్లాలు. ఆ మ్యాపు 250 పిక్సెళ్లలో పెట్టినా ఆదిలాబాద్, ఖమ్మం అని హాయిగా చదువుకోవచ్చు. తరవాత 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33. మ్యాపు మారింది, దస్త్రం పేరు మారింది, పక్కనున్న పిక్సెళ్ల అంకె మాత్రం 10 జిల్లాల నాటిదే. రాజన్న సిరిసిల్ల, జోగులాంబ గద్వాల, యాదాద్రి భువనగిరి లాంటి పొడుగు పేర్లు ఆ ఇరుకులో ఏమవుతాయి? కొన్నిచోట్ల పేరు జిల్లా దాటి పక్క జిల్లాలోకి పోతుంది. ఇలాంటి మ్యాపుకి 1.5 రెట్లు చేసినా ఫోన్లో పెద్ద తేడా రాదు, ఎందుకంటే అక్కడ 330కి మించి చోటే లేదు. అన్ని పేర్లూ ఉన్న మ్యాపు ప్రధాన వ్యాసంలో పెట్టుకుని, ములుగు వ్యాసంలో ములుగుకి మాత్రమే రంగు వేసి, పేరు అదొక్కటే రాసిన మ్యాపు పెడితే చాలు. తక్కువ చూపిస్తే ఎక్కువ కనిపిస్తుంది.

ఫోన్లో బొమ్మ ఎక్కడ నిలబడుతుందో కూడా చూడాలి. డెస్క్‌టాప్‌లో నఖచిత్రం కుడివైపు తేలుతూ ఉంటుంది, వచనం దాని పక్కనుంచి పారుతుంది. మొబైల్ పేజీలో, ఇరుకు తెర మీద, బొమ్మ పక్కన వచనం ఇమడదు, బొమ్మ మధ్యలో విడిగా నిలబడుతుంది, తెరకంటే వెడల్పైతే తెరకి సరిపడా కుదించుకుంటుంది. అడ్డ బొమ్మలకి దీనివల్ల హాని లేదు. నిలువు బొమ్మలకి చూడండి: రెండుకి మూడు పాళ్లలో ఉన్న చార్మినార్ ఫోటోకి ఎవరో ఉత్సాహంగా 400 ఇచ్చారనుకుందాం. ఫోన్లో అది అంచులు పోను 328 వెడల్పుకి తగ్గుతుంది, ఎత్తు 492 అవుతుంది. చిన్న ఫోన్లో తెర ఎత్తే 640. అంటే పాఠకుడు ఒక వాక్యం చదివి, ఒక మినారు ఎక్కి దిగి, తరవాతి వాక్యానికి చేరాలి. ఉత్తి అప్‌రైట్ పెడితే 190 వెడల్పు, 285 ఎత్తు. సగం తెర కూడా కాదు, చార్మినార్ ఎక్కడికీ పోదు.

ఇంకోటి, ఇది నా పాత రాతల్లో కోకొల్లలు: "పక్కనున్న బొమ్మలో చూడవచ్చు", "కుడివైపు చిత్రంలో ఎడమనుంచి రెండోవారు". ఫోన్లో పక్క లేదు, కుడి లేదు. డెస్క్‌టాప్‌లో కూడా పొడుగాటి సమాచారపెట్టె (వ్యాసం మొదట్లో కుడివైపుండే వివరాల పెట్టె) ఉంటే కుడివైపు బొమ్మలన్నీ దాని కిందకి జారి, చరిత్ర విభాగంలో రాసిన బొమ్మ జనాభా విభాగం పక్కన తేలుతుంది. బొమ్మ వ్యాఖ్యలోనే విషయం చెప్పేస్తే ఈ గొడవ ఉండదు.

తెలుగుకి ప్రత్యేకంగా ఉన్న ఇబ్బంది గురించి ఇంగ్లీషు వికీ మార్గదర్శకాలు చదివితే తెలియదు. ఎడమవైపొక బొమ్మ, కుడివైపొక బొమ్మ, మధ్యలో వచనం నలిగిపోవడం ఏ భాషలోనైనా వికారమే. కానీ మన మాటలు పొడుగు. వచనానికి 900 పిక్సెళ్ల వెడల్పుందనుకుంటే చెరో 300 బొమ్మలు పోను మిగిలే సందులో వరుసకి మూడు మాటలు పడితే గొప్ప. అందులో "పునర్వ్యవస్థీకరణ" లాంటి మాటొస్తే అది విరగదు, మొత్తంగా కింది వరుసకి దూకుతుంది, పై వరుసలో పళ్లూడినట్టు ఖాళీ మిగులుతుంది. బొమ్మ కింది వ్యాఖ్యా అంతే. 190 పిక్సెళ్ల నిలువు బొమ్మ కింద వరుసకి రెండు మాటలు, నాలుగు వాక్యాల వ్యాఖ్య రాస్తే బొమ్మకంటే వ్యాఖ్యే ఎత్తు. ఒత్తులూ గుణింతాలూ పైనా కిందా చోటడుగుతాయి కాబట్టి వరుసల మధ్య దూరమూ ఎక్కువే. అందుకే నిలువు బొమ్మని మరీ 0.6, 0.7కి తగ్గించొద్దంటాను, ఇంగ్లీషులో అది చెల్లినా సరే.

ఇంగ్లీషు అంటే గుర్తొచ్చింది. అనువాద పరికరంతో వ్యాసం తెచ్చేటప్పుడు మనం వచనం మూడోవంతే తెస్తాం, బొమ్మలు మాత్రం అన్నీ తెచ్చేస్తాం, వాటి సైజులతో సహా. అక్కడ ఇరవై పేరాల మధ్య సర్దుకున్న ఎనిమిది బొమ్మలు ఇక్కడ ఐదు పేరాల పక్కన వరసగా వేలాడుతూ, మూలాల జాబితా దాటి, పేజీ అడుగునుండే వర్గాల దాకా వస్తాయి. ఊళ్ల వ్యాసాల్లో మరీను. రెండు పేరాల వ్యాసం, పక్కన జానెడు సమాచారపెట్టె, అందులో మ్యాపు, దాని కింద బస్టాండు ఫోటో, బడి ఫోటో, చెరువు ఫోటో. ఇక్కడ సైజు ఎంతన్నది కాదు ప్రశ్న, ఏ బొమ్మ తీసేయాలన్నది. చెరువు ఉంచి బస్టాండు తీసేయండి, ఎవరూ బాధపడరు. లేదా చివర్లో గ్యాలరీలో వేయండి.

అతి వెడల్పు బొమ్మలకి ఇప్పటికీ నాకు నచ్చిన పరిష్కారం లేదు. రాజమండ్రి, కొవ్వూరు మధ్య గోదావరి మీది ఆర్చి వంతెన రెండున్నర కిలోమీటర్లు దాటి ఉంటుంది. దాన్ని ఒక్క ఫోటోలో చూపించాలంటే నాలుగుకి ఒకటి పాళ్ల పట్టీయే వస్తుంది. నఖచిత్రంగా పెడితే తోరణాలు దువ్వెన పళ్లలా ఉంటాయి. ఫోన్లో తెర నిండా పెట్టినా 328కి 82. పక్కకి జరుపుకుంటూ చూసే మూసలున్నాయి (మూస అంటే పేజీల్లో పదేపదే వాడుకునే అచ్చు, టెంప్లేటు) గానీ, జరుపుకోవచ్చని పాఠకుడికి ఎలా తెలుస్తుంది? మళ్లీ పిన్ని అడిగిన ప్రశ్నే. నేనైతే నాలుగు తోరణాలు నిండుగా కనిపించే ఫోటో పైన పెట్టి, పట్టీని కింద మధ్యలో పెడతాను, చూసేవాళ్లు చూస్తారు.

తప్పులు ఒప్పుకుంటున్నాను కాబట్టి ఇదొకటి కూడా. థంబ్ బదులు ఫ్రేమ్ అని రాస్తే బొమ్మ తన అసలు సైజులో వస్తుంది, మనమిచ్చిన వెడల్పుని పట్టించుకోదు. నాకది తెలియక, కెమెరా నుంచి నేరుగా ఎక్కించిన నాలుగు వేల పిక్సెళ్ల ఫోటోకి ఫ్రేమ్ పెట్టి, ప్రచురించి, భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఒక నిర్వాహకుడు దాన్ని సరిచేసి, దిద్దుబాటు సారాంశంలో ఒక నవ్వు మొహం పెట్టి వెళ్లాడు. దీనికి తిరగేసిన తప్పు పాత సినిమా పోస్టర్ల దగ్గర చేస్తాం. కాపీహక్కులున్న బొమ్మని పరిమితంగా వాడుకునే సముచిత వినియోగం కింద ఎక్కించేవి కావాలనే చిన్నవిగా ఉంటాయి. రెండు వందల వెడల్పున్న పోస్టరుకి థంబ్ లేకుండా 350 అని రాస్తే అది సాగి మసకబారుతుంది. థంబ్ అయితే అసలు కొలతకి మించి సాగదీయదు, ఆ మర్యాద దానికుంది.

పెద్ద బొమ్మ పెడితే పోయేదేముంది, ఇప్పుడు డేటా చవక కదా అంటారు. చవకే. కానీ వెడల్పు రెట్టింపైతే చుక్కలు నాలుగింతలు, పైగా నాణ్యమైన తెరలకి సర్వరు రెండింతల వెడల్పున్న బొమ్మని పంపుతుంది. మొబైల్ పేజీల్లో బొమ్మ దగ్గరికి జరిపేదాకా దింపరు కాబట్టి కొంత నయం. మా ఊళ్లో సిగ్నల్ మేడ మీద మాత్రమే వస్తుంది, అందుకని నాకీ పట్టింపు.

పిక్సెళ్లు అసలే వద్దనే మూర్ఖుణ్ణి కాను. మూసల్లో చిహ్నాలు, పేర్ల పక్కన జెండాలు, ఇవి అక్షరాలతో సమానంగా ఉండాలి, 20 అని రాయాల్సిందే. పట్టికలో ఫోటోలకీ స్థిరమైన కొలతే మేలు, లేకపోతే వరుసలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. కాకపోతే ముఖ్యమంత్రుల జాబితా లాంటి చోట ఆరు నిలువు వరుసలుండి, ఫోటోకి 150 ఇస్తే ఫోన్లో పదవీకాలం చూడాలంటే పక్కకి లాగాలి, లాగితే పేరు కనబడదు. 60, 70 చాలు. అది ఫలానా మనిషని పోల్చుకోవడానికి పెట్టిన ఫోటో, పూజకి కాదు.

తెలుగు వికీ చర్చావేదిక రచ్చబండలో ఈ చర్చ పెడితే ఎలా సాగుతుందో నాకు తెలుసు. ముగ్గురు అవునంటారు, ఒకరు "నా స్క్రీన్ మీద బాగానే ఉందే" అంటారు, తరవాత చర్చ మూసల పేర్లలో దీర్ఘాల మీదకి మళ్లుతుంది. అందుకని ముందు నా పేజీలు నేను సరిచేసుకుంటున్నాను, రోజుకి ఐదారు, ఫోన్ పక్కన పెట్టుకుని. ప్రచురించే ముందు మునుజూపు, ప్రచురించాక ఫోన్లో ఒకసారి, చెయ్యి చాచి పట్టుకుని, కళ్లజోడు తీసేసి.

మా ఊరి మ్యాపు మాత్రం కత్తిరిస్తే సరిపోలేదు. అసలు 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాక ఆ ఉమ్మడి మ్యాపే పాతబడింది. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లో కొత్తది గీశాను: మా మండలం, చుట్టూ ఉన్న నాలుగు మండలాలు, కృష్ణా నది నీలం రంగులో, ఊరికొక ఎర్ర చుక్క, అంతే. పేర్లు మొత్తం ఆరు. మొదటిసారి ఎక్కించినప్పుడు నా కంప్యూటర్లో ఉన్న ఫాంటు సర్వర్లో లేక, అది వేరే ఫాంటుతో గీసి పేర్లని ఒకదానిమీదొకటి ఎక్కించింది. రెండోసారి కుదిరింది. థంబ్, వ్యాఖ్య, ఇంకేమీ రాయలేదు. లంకె పిన్నికి వాట్సాప్‌లో పంపాను.

పది నిమిషాల్లో ఫోన్. "ఇప్పుడు బ్రహ్మాండంగా కనిపిస్తోందిరా," అంది. "కనిపిస్తోంది కాబట్టే చెప్తున్నా, మన మండలం పేరులో ఒత్తు పోయింది."